గడి లేని జవాబు

సింధియా జంక్షన్లో, టైలరు షాపు మీది గదిలో
వారానికి మూడు సాయంత్రాలు
పెద్దవాళ్లకి అ ఆలు చెప్తాను.
షిప్‌యార్డు సైరన్ మోగాక ఒక్కొక్కరే మెట్లెక్కుతారు.
గ్రీజు వాసనా, టిఫిను డబ్బా చప్పుడూ ముందొచ్చి
మనిషి తర్వాత వస్తాడు.

ఈ నెల ట్రస్టు వాళ్లు ఒక కాగితం పంపారు.
మీరు భాష ఎలా నేర్చుకుంటారు?
చూసి. విని. రాసి. చేసి.
ఒక్క గడిలోనే టిక్కు పెట్టవలెను.

బేణుధర్ స్వాయిం, వెల్డరు, 'చూసి' అని పెట్టాడు.
అబద్ధం.
నేను బోర్డు మీద రాస్తుంటే ఆయన కళ్లు మూసుకుంటాడు.
చూపుడువేలు తొడ మీద కదుల్తుంది,
'ఖ' దగ్గర ఆగి, వెనక్కెళ్లి,
అతుకు సరిచూసుకుని ముందుకి పోతుంది.
"మా ఒడియా అక్షరానికి గొడుగు, మీ అక్షరానికి టిక్కు" అన్నాడు
తలకట్టు చూపించి.
"ఇన్ని టిక్కులు ముందే ఉంటే
ఇంకా మనం పెట్టేదేంటి మేడం?"

మణిదీపా సర్కార్ బ్యాంకు ఆఫీసరు.
విభక్తులకి రంగు పెన్సిళ్లు: 'కి' ఆకుపచ్చ, 'తో' నారింజ.
నా వాక్యంలో తప్పు నాకన్నా ముందు పట్టుకుంటుంది.
పూర్ణా మార్కెట్లో బీరకాయల ముందు మాత్రం
వేలు చూపించి ఊరుకుంటుంది.
తప్పు మాట బయటికి రావడం కన్నా
బీరకాయ ఇంటికి రాకపోవడమే నయమట.

కమలేశ్ దహియాకి నోటుబుక్కే లేదు.
గ్యాసు బండ కుర్రాడితో గొడవపడి వచ్చిన రోజు
భూతకాలం మొత్తం వచ్చేసింది ఆవిడకి:
తెస్తానన్నావు, తేలేదు, మళ్లీ అన్నావు, మళ్లీ తేలేదు!
నాలుగు గడుల్లోనూ టిక్కు కొట్టి
పెన్ను బల్ల మీద పడేసింది.

ధనేశ్వర్ బసుమతారి కాగితం ఖాళీగా వచ్చింది.
అస్సాం కుర్రాడు, రొయ్యల ప్లాంటులో పని,
నాలుగు నెలలుగా గుమ్మం పక్కన కూర్చుని
ఒక్క మాటా పెదవి దాటనివ్వలేదు.
ఇతనికి రాదులే అనుకున్నాను.
అనుకున్నానని ఇక్కడ ఒప్పుకుంటున్నాను.

మొన్న లక్ష్మివారం వాన. కరెంటు పోయింది.
కింద కుట్టుమిషన్లు ఆగిపోయాయి.
చీకట్లో అరచేతులు రుద్దుకుంటూ
ఎవరితోనూ కాకుండా అన్నాడు:
"ఓలమ్మా... సేతులు కొంకర్లు పోతన్నాయి."

ముందు నవ్వింది కమలేశే.
మగాడి నోట ఓలమ్మేంటని ఆవిడక్కూడా తెలిసిపోయింది.
షెడ్డులో నలభైమంది ఆడవాళ్లట,
పెందుర్తి, చోడవరం, ఇటు గాజువాక,
ఐసు మీద మోచెయ్యికి మోచెయ్యి తగిలేలా
పొద్దున్నించీ రొయ్య వలుస్తూ.
"ఆలు ఏటంటే అదే, మేడం."

దిద్దడానికి నోరు తెరిచాను.
సేతులు కాదు, చేతులు. పోతన్నాయి కాదు, పోతున్నాయి.
ఓలమ్మా అని మగవాళ్లు అనరు.

మా అమ్మ చిట్టివలస జూట్ మిల్లులో చేసేది.
షిఫ్టు దిగి, జుట్టులో పీచుతో,
గడప మీద కూలబడి అనే మొదటి మాట అదే.
ఆరో తరగతిలో ఒక్క 'ఏటి'కి
యాభైసార్లు 'ఏమిటి' రాయించారు నాచేత.
చూసి, విని, రాసి, చేసి, దెబ్బలు తిని
నేనూ ఒక రెండో భాష నేర్చుకున్నాను.
దాని పేరు కూడా తెలుగే.
నేర్చుకున్నాక ఇంటికెళ్లి అమ్మని దిద్దాను.
కొన్నాళ్లకి నా ముందు ఆవిడ
మాటలు తగ్గించేసింది.

కరెంటొచ్చింది. మిషన్లు మళ్లీ మొదలు.
అందరి మొహాలూ చూసి, తలొంచుకుని
"తప్పా, మేడం?" అన్నాడు.

ఇంకోసారను, అన్నాను.

పాఠమనుకున్నాడు కాబోలు,
వీపు నిటారుగా పెట్టి, ఒక్కో అక్షరం విడదీసి,
పరీక్షలో అప్పజెప్పినట్టు అన్నాడు.
అలా కాదు, ఇందాకట్లా.
రెండోసారీ సరిగ్గా రాలేదు.

కాగితాలన్నీ ట్రస్టుకి పంపేశాను.
అతనిది ఇంకా నా సంచిలోనే ఉంది.